ఒట్టి ఉన్ని

మా నార్విచ్‌లో చచ్చినవాళ్ళు కూడా బట్ట కొనాల్సిందే. శవం మీద అవిసె నార గుడ్డ ఉండకూడదు, పట్టు ఉండకూడదు, నూలు అసలే ఉండకూడదు. గొర్రె ఉన్ని ఒక్కటే. మా అమ్మ చిన్నప్పుడు వచ్చిందట ఈ చట్టం. బతికున్నవాళ్ళు ఎంతని కొంటారు, ఏడాదికో జత కొంటే గొప్ప. అందుకని చచ్చినవాళ్ళ చేత కూడా కొనిపించాలని ఏ మహానుభావుడికి తట్టిందో గాని, మంచి బుర్ర. చచ్చినవాడు బేరమాడడు. రంగు వెలిసిందని వెనక్కి తెచ్చి మొహాన కొట్టడు.

ఆ ఉన్ని తొడిగే పని మా పేటలో థామసిన్ అట్టింగ్‌ది. పొడుగాటి మనిషి, పెద్ద పెద్ద చేతులు, నోట్లోంచి మాట రావాలంటే పట్టకారు కావాలి. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమెకు అదే జీవనం. ఎవరింట్లో ప్రాణం పోయినా ముందు థామసిన్‌కు కబురు వెళ్ళేది. ఆమె వచ్చి నీళ్ళు కాచి, గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూసుకుని, అప్పుడు స్నానం చేయించేది. నేను ఎదురింటి దాన్ని. రాట్నం పని లేని రోజుల్లో తోడు వెళ్ళేదాన్ని.

"శవానికి వేణ్ణీళ్ళెందుకక్కా, కట్టెల దండగ. వాళ్ళకేం తెలుస్తుంది?" అన్నానొకసారి.

"తెలీదని నీకెవరు చెప్పారే ఏవిస్?" అంది.

స్నానమయ్యాక ఉన్ని చొక్కా తొడిగి, ఉన్ని టోపీ పెట్టి, గడ్డం జారకుండా ఉన్ని పట్టీ కట్టేది. తర్వాత పాదిరిగారి దగ్గరికి వెళ్ళి, గ్రంథం మీద చెయ్యి వేసి, ఈ దేహం మీద గొర్రె ఉన్ని తప్ప మరో పోగు లేదని ప్రమాణం చేసేది. ప్రమాణం పడకపోతే ఆ ఇంటికి జరిమానా. డబ్బున్నవాళ్ళు దానికీ దారి కనిపెట్టారు. జరిమానాలో సగం పట్టిచ్చినవాడికి ఇస్తారు కదా, తమ నౌకరు చేతే తమను పట్టిప్పించుకుని, ఆ సగం తిరిగి జేబులో వేసుకుని, లేసు పెట్టిన నార బట్టల్లో దర్జాగా గోరీకి వెళ్ళిపోయేవాళ్ళు. మా పేటలో ఆ తెలివి చాలామందికి ఉంది. జరిమానా కట్టే స్తోమతే ఎవరికీ లేదు.

థామసిన్‌కు ఒక్కతే కూతురు. పేరు సిసిలీ. ఊరంతా ఉన్ని మీద బతుకుతుంటే ఆ పిల్లకు ఉన్ని పడేది కాదు. లోపల చొక్కా ఉన్నా సరే, మెడ దగ్గరా మణికట్ల దగ్గరా గౌను తగిలిన మేరకు ఎర్రగా దద్దుర్లు లేచేవి. చిన్నప్పుడు నిద్దట్లో నెత్తురొచ్చేలా గీరుకునేది. తల్లి దాని చేతులకు పాత నార గుడ్డలు చుట్టి పడుకోబెట్టేది. జాలరి ఇంట్లో పుట్టి చేప కంపు పడదన్నట్టుంది అని మేం నవ్వేవాళ్ళం. సిసిలీ కూడా నవ్వేది, గీరుకుంటూనే.

ఆమెను చేసుకున్నది జేబెజ్ మేస్ అనే నేతగాడు. మంచి పనివాడు, మాటకారి, మగ్గం దగ్గర పంజరంలో ఒక పసుపు పిట్టను పెట్టుకుని దాంతో పాటు ఈల వేసేవాడు. అత్తగారింటి మేడగదిలోనే మగ్గం పెట్టాడు. పెళ్ళాం అంటే ప్రాణం. కాదని ఇప్పుడు ఎవరైనా అంటారేమో, నేను ఒప్పుకోను. నేను కళ్ళారా చూశాను. ఒకరోజు సూదుల కోసం డే గారి బట్టలకొట్టుకు వెళ్తే, అక్కడ మూలన నక్కి ఉన్నాడు జేబెజ్. వాడి ముందు బల్ల మీద కాలికో పరిచి ఉంది. సముద్రాలు దాటి వచ్చే నూలు బట్ట అది, తెల్లటి నేల మీద ఎర్రటి పూల అద్దకం. ముట్టుకుంటే పాలమీగడ.

"నేతగాడివి, నీకేం పనయ్యా దీంతో? పొద్దున్నేగా మీవాళ్ళు నా కొట్టు తలుపు మీద పేడ కొట్టి పోయారు," అన్నాడు డే.

"మా ఆవిడకండీ. ఉన్ని పడదు."

"పడనిది మీ ఆవిడ ఒంటికేనా? దేశంలో ఆడవాళ్ళందరికీ ఇదే కావాలి. చవగ్గా ఉంది, మెత్తగా ఉంది, ఉతికితే రంగు పోదు. ఎక్కడ మంచిది దొరికితే అక్కడ కొనుక్కుంటారు. ఆపడానికి నువ్వెవరు, నేనెవరు?"

"మీకేమండీ, ఏది అమ్మినా డబ్బే. ఇది ఒక గజం అమ్ముడైతే నా మగ్గం మీద ఒక గజం ఆగుతుంది."

"మరి నీ మగ్గం గుడ్డ పోర్చుగల్ వాళ్ళు కొనాలా వద్దా? కొనాలి. వాళ్ళ నేతగాళ్ళేం కావాలి? అది నీకక్కర్లేదు. మీ తలుపులు మూసుకుంటారు, పక్కవాడి తలుపులు బార్లా తెరిచి ఉండాలంటారు. ఇదెక్కడి న్యాయమయ్యా?"

జేబెజ్ ఆ బట్ట అంచు వేళ్ళతో నలిపి చూశాడు.

"న్యాయం సంగతి నాకు తెలీదండీ. మొన్న మా సందులో రెండు మగ్గాలు విప్పి పొయ్యిలో పెట్టుకున్నారు. అదొక్కటే తెలుసు. ఒక గౌనుకు చింపివ్వండి."

ఈ బట్ట ఎక్కడిదని నేను అడిగితే డే ఏదో ఊరిపేరు చెప్పాడు, మసులిపటమో ఏమో, నాకు నాలిక తిరగలేదు. ఇద్దరి మాటా నాకు నిజమే అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. నిజం ఇద్దరి దగ్గరా ఉన్నప్పుడు మధ్యలో ఉన్నవాడి పని అయిపోయినట్టే.

సిసిలీ ఆ గౌను ఇంట్లో వేసుకునేది. బయటికి వెళ్తే పైన ఉన్ని అంగీ కప్పుకునేది. ఆ వేసవిలో మొదటిసారి ఆ పిల్ల మెడ నున్నగా ఉండగా చూశాను.

తర్వాతి ఏడాది ఊరు ఉడికిపోయింది. పని లేని నేతగాళ్ళు గుంపులు గుంపులుగా తిరిగి, కాలికో కట్టిన ఆడది కనిపిస్తే చాలు, నడివీధిలో చింపేసేవాళ్ళు. ఆకలి మీదున్నవాడికి మర్యాద చెప్పి లాభం లేదు. అలాగని ఆడపిల్లల బట్టలు చింపినవాణ్ణి వీరుడని కూడా నేను అనలేను. వాళ్ళతో జేబెజ్ కూడా తిరిగాడు. తిరగకపోతే మర్నాడు మగ్గానికి ఉన్ని పోగు ఇచ్చే యజమాని ఉండడు.

సంత రోజు వాన పడింది. సిసిలీ రొట్టె కొనుక్కుని వస్తూ, వీధి కాలవ దాటడానికి అంగీ అంచు పైకెత్తింది. కింద ఎర్రపూలు కనబడ్డాయి. ఎవరో ఆడదే అరిచింది, కాలికో అని. నిమిషంలో నేతగాళ్ళు చుట్టుముట్టారు. అంగీ లాగేశారు. లాగాక ఒకడు గుర్తుపట్టాడు.

"ఒరే జేబెజ్, ఇది నీ పెళ్ళాం కదరా?"

అందరూ వాడి వంక తిరిగారు. నేను కూరగాయల బండి పక్కనే ఉన్నాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇది నా ఇంటి గుడ్డ కాదు," అన్నాడు. అని ముందుకొచ్చి, గౌను మెడ దగ్గర పట్టుకుని నడుము దాకా చింపాడు. మిగతా పని మిగతావాళ్ళు చేశారు. సిసిలీ మొగుడి మొహం వంకే చూస్తూ నిలబడింది. నా శాలువా కప్పి ఇంటికి తీసుకెళ్ళాను. వీపు వైపు ముక్క ఒకటి బురదలో పడి ఉంటే అది కూడా ఏరుకుని థామసిన్‌కిచ్చాను. ఎందుకు ఏరానో నాకే తెలియదు.

ఆ రోజు పట్టిన జ్వరం మళ్ళీ తగ్గలేదు. జేబెజ్ ఆమె గది గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోయేవాడు, లోపలికి రమ్మని ఆ పిల్ల పిలవలేదు. చివరి రోజుల్లో తల్లితో ఒక్కటే మాట.

"అమ్మా, నాకు ఒట్టి ఉన్ని తొడగకే. లోపల ఏదన్నా మెత్తటిది వెయ్యి. చిన్న ముక్కైనా సరే."

"ఏం మాటలే అవి? లేచి తిరుగుతావు."

"వేస్తావా లేదా?"

"వేస్తాలే," అంది థామసిన్.

వెయ్యలేదు. ఆ పిల్ల పోయిందని తెలియగానే నేతగాళ్ళ పెళ్ళాలిద్దరు వచ్చి కూర్చున్నారు, సాయానికట. కాలికో కట్టిన మనిషి కదా, కాలికోతోనే పంపిస్తారేమో చూద్దామని వచ్చారని అందరికీ తెలుసు. పట్టిస్తే సగం వాళ్ళదే. పెట్టెకు మేకులు కొట్టేదాకా కదల్లేదు. థామసిన్ నీళ్ళు కాచింది, మోచేత్తో చూసుకుంది. మెడ చుట్టూ పాత మచ్చలున్న చోట ఉన్ని పట్టీ కట్టింది. మర్నాడు పాదిరిగారి ముందు ప్రమాణం కూడా చేసింది. అది అక్షరాలా నిజమైన ప్రమాణం.

పాతిపెట్టిన వారానికి నన్ను పిలిచింది.

"ఏవిస్, ఇలా కూచో. ఏమన్నా వినబడుతోందా?"

పట్టపగలు. పైన మగ్గం ఆడుతోంది. మగ్గం చప్పుడు తప్ప ఏమీ లేదన్నాను. జేబెజ్ పోగు తెగిందని మగ్గం ఆపాడు. థామసిన్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అదిగో. గీరుకుంటోంది."

నాకు వినబడలేదు. ముందే చెబుతున్నాను, నేను ఒక్కసారి కూడా వినలేదు. కాని ఆమె వినలేదని మాత్రం నా చేత ఎవరూ అనిపించలేరు. ఆ మొహం నేను చూశాను. ఎలకలేమో అంటే పిల్లిని తెచ్చి కట్టేసింది. పిట్ట పంజరంలో గీకుతోందేమో అంటే పిట్టను నాకిచ్చేసింది. చప్పుడు ఆగలేదు. గోడలోంచి కాదట, నేలలోంచి కాదట. ఉన్ని మీద గోళ్ళు ఆడే చప్పుడు, చిన్నప్పుడు పక్కలో వినబడినట్టే, పక్కనే.

కొన్నాళ్ళకు జేబెజ్ మగ్గం ఆపడం మానేశాడు. పొద్దు పొడవగానే మొదలుపెడితే దీపం కొండెక్కేదాకా పోగు మోసే నాడె అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. తినేటప్పుడు కూడా ఒక చేత్తో రొట్టె, కాళ్ళు తొక్కుడు కర్ర మీద. పోగు తెగితే ముడి వెయ్యడానికి వాడి వేళ్ళు తడబడేవి, అంత తొందర. అప్పుడు నాకర్థమైంది, వాడికీ వినబడుతోందని. ఒకే ఇంట్లో, ఒకే చప్పుడు వింటూ, ఒకళ్ళతో ఒకళ్ళు ఆ మాట అనుకోకుండా బతికారు ఆ ఇద్దరూ. నేనైతే పిచ్చెక్కి వెన్సమ్ ఏట్లో పడేదాన్ని.

ఇంతలో లండన్‌లో పెద్దలు చట్టం చేశారు. అద్దకం కాలికో ఎవరూ కట్టకూడదు, అమ్మకూడదు. ఆ రోజు మా ఊళ్ళో గంటలు మోగించారు, వీధిలో మంట వేసి పాత గౌన్లు తగలబెట్టారు, పీపాలు పగలగొట్టి సారా పోశారు. నేనూ తాగాను. డే కొట్టు కట్టేసి వెళ్ళిపోయాడు. మగ్గాలకు పని వచ్చింది, నా రాట్నానికీ వచ్చింది, మా పొయ్యి మీద మాంసం ఉడికింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? ఆ మాంసం రుచిగానే ఉంది. ఎక్కడో ఆ ఎర్రపూలు అద్దిన ఊళ్ళో ఎవరి పొయ్యి ఆరిందో అని ఒక్క ముద్ద దగ్గర అనిపించింది. తర్వాతి ముద్ద దగ్గర మర్చిపోయాను.

అందరికంటే ఎక్కువ గుడ్డ నేసింది జేబెజ్. యజమానులు వాడి పేరు చెప్పి మిగతావాళ్ళను దెప్పేవాళ్ళు, దేశానికి ఇలాంటివాళ్ళు వంద మంది చాలని. వాడు దేశం కోసం నెయ్యడం లేదని నాకు తెలుసు, థామసిన్‌కు తెలుసు. అలా మూడేళ్ళు నేసి నేసి, ఉన్ని ధూళికి ఊపిరితిత్తులు పట్టేసి, మంచాన పడ్డాడు. మగ్గం ఆగిపోయింది.

ఆ రోజు మధ్యాహ్నం నేను జావ పట్టుకుని వెళ్ళేసరికి వాడు మోచేతి మీద లేచి కూర్చున్నాడు. థామసిన్ గుమ్మంలో నిలబడి ఉంది.

"అత్తా, నీకూ వినబడుతోంది కదా?"

ఆమె మొహం తిప్పుకుంది.

"ఆ ముక్క నీ దగ్గరుందని నాకు తెలుసు. వీపు ముక్క. తలదిండులో కుట్టి దాచావు. నేను పోయాక నా చొక్కా లోపల పెట్టు. సిసిలీ పక్కనే నన్ను పెట్టించు. నేను పట్టుకెళ్ళి ఇస్తాను."

"నీ చేత్తో చింపింది మళ్ళీ నీ చేత్తోనే ఇస్తావుట్రా?" అంది. అల్లుణ్ణి ఆమె ఒరే అనడం అదే మొదలు.

"నేను చింపకపోతే వాళ్ళు దాని తోలుతో సహా చింపేవాళ్ళత్తా. నేను మొదలెడితే తొందరగా అయిపోతుందని..."

"నిజంగా అందుకేనా?"

వాడు చాలాసేపు దగ్గాడు.

"కాదు. భయమేసింది. మగ్గానికి పోగు ఇవ్వరేమోనని భయమేసింది. ఆ మాట తర్వాత తట్టింది."

థామసిన్ వచ్చి మంచం చివర కూలబడింది. ఏడిచింది. కూతురు పోయిననాడు కూడా ఆమె ఏడవడం నేను చూడలేదు.

"నేనూ అంతేరా. దేవుడి మీద ప్రమాణమని పైకి చెప్పుకున్నాను గాని, దేవుడికి కాదు భయపడ్డది. ఆ కూచున్న ఆడాళ్ళిద్దరికి భయపడ్డాను."

జేబెజ్ రెండు రోజులకు పోయాడు. యజమానులు మంచి పనివాడని మెచ్చుకుంటూ పైరకం ఉన్ని పంపారు, వాడు నేసిందే. ఈసారి కాపలాకు ఎవరూ రాలేదు, అంత పేరున్న నేతగాడి మీద అనుమానం ఎవరికొస్తుంది? థామసిన్ నీళ్ళు కాచింది. తలదిండు విప్పింది. ఆ ముక్క ఉతికి, బురద మరక పోయేలా రుద్ది ఉంచింది ఎప్పుడో. ఎర్రపూలు కొట్లో చూసిన రోజు లాగే ఉన్నాయి. వాడి రొమ్ము మీద పరిచి, దాని మీద వాడి చేతులు మడిచింది. పైన ఉన్ని చొక్కా గుండీలు నేను పెట్టాను. నాకు ఇందులో పశ్చాత్తాపం లేదు. బతికుండగా రేవుల్లో దొంగసరుకు దించేవాళ్ళను చాలామందిని చూశాను. చచ్చాక మోసుకెళ్ళినవాడు వాడొక్కడే.

పాదిరిగారు మంచాయన, అప్పటికే భోజనం వేళ దాటిపోయింది.

"గొర్రె ఉన్ని తప్ప మరేమీ లేదు కదమ్మా?"

"మరో పోగు లేదండీ అయ్యగారూ," అంది థామసిన్, గ్రంథం మీద చెయ్యి వేసి.

బయటికొచ్చాక చర్చి గోడ పట్టుకుని నిలబడిపోయింది.

"నరకానికి పోతానేమోనే."

"పోతే పోయావులే అక్కా. అక్కడ చలి ఉండదు, ఉన్నితో పనుండదు," అన్నాను. నవ్వింది. ఆ నవ్వు చూసి చాలా కాలమైంది.

గోరీ తవ్వేవాడికి చెప్పి సిసిలీ పెట్టె తగిలేదాకా తవ్వించి, దాన్ని ఆనుకునేలా వాణ్ణి దించాం.

ఆ మర్నాడు ఉండబట్టలేక వెళ్ళాను. మేడ మీద మగ్గం ఖాళీ. కిటికీ తెరిచి ఉంది. థామసిన్ బల్ల దగ్గర ఊరికే కూర్చుని ఉంది.

"వినబడుతోందా?" అన్నాను.

"లేదు."

నా కళ్ళు చెమర్చాయి. "అయితే అందిందన్నమాట. హాయిగా ఉండు ఇంక."

"అందింది," అంది. నా చెయ్యి పట్టుకుంది. "మూడేళ్ళు నాతోనే ఉందే ఏవిస్. గీరుకుంటూనో, ఎలాగో ఒకలాగ, ఇంట్లోనే ఉండేది. నేనే పంపించేశాను."

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్ళు బతికింది. శవాలకు వేణ్ణీళ్ళు కాస్తూనే ఉంది. మా పేటలో మగ్గాలకు మంచి రోజులవి, ఏ సందులో చూసినా చప్పుడే. ఎవరిదో ఒకటి ఆగిందంటే చాలు, థామసిన్ చేస్తున్న పని వదిలేసి అటు తల తిప్పి, చెవి ఒగ్గి, మళ్ళీ ఆ మగ్గం మొదలయ్యేదాకా అలాగే నిలబడేది.